ఎర్రసిరాకు వదిలిన మార్జిన్

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
27 జూలై 2025

పూజ్యురాలైన ఆలిస్ అత్తయ్యకు,
షెకీనా వందనములు.

ఎప్పటిలాగే ఎడమవైపు రెండు వేళ్ల మార్జిన్ వదిలాను. నేను ఆరో తరగతిలో ఉండగా మీరు విధించిన నియమమిది: నెలకొక ఉత్తరం చేత్తో రాయాలి, దాన్ని మీరు ఎర్రసిరాతో దిద్ది మీ జవాబుతో కలిపి తిప్పి పంపుతారు. డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చినా ఇదేం పిచ్చి అని కాలేజీలో నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లలో ఒక్కరికీ వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలియదు.

ముందు మంచి వార్త. అంతర కళాశాలల వాదపోటీలో నేనూ నా జతగాడు రాఘవేందరూ సెమీఫైనల్ గెలిచాం. ఫైనల్ అక్టోబరులో. సెమీఫైనల్‌కూ ఫైనల్‌కూ ఒకటే అంశం: "పేరు చెప్పకుండా మాట్లాడే హక్కు ప్రజాస్వామ్యానికి అవసరమా?" నాణెం ఎగరేస్తే మాకు అనుకూలపక్షం వచ్చింది. ప్రతికూలం వచ్చినా నేను అంతే గట్టిగా వాదించేదాన్నని మీకు తెలుసు. "పేరు అడిగేవాడు పరిచయానికి అడగడు, దెబ్బ ఎక్కడ కొట్టాలో తెలుసుకోవడానికి అడుగుతాడు" అన్నప్పుడు హాలు లేచి నిలబడింది.

మీకు మాత్రమే ఒక రహస్యం. వేదిక ఎక్కే ముందు నాన్న వాచీని కుడి పిడికిట్లో బిగించి పట్టుకుంటాను. ఆయన పోయిన ఈ ఎనిమిదేళ్లుగా అది నాలుగూ పది దగ్గరే ఆగి ఉంది. రాఘవేందర్ పక్కనే ఉంటాడు కనుక అతనికి తెలుసు. అమ్మకు కూడా తెలియదు.

ఇక రెండో వార్త. ఆ ప్రసంగంలోంచి నలభై సెకన్ల ముక్కను ఎవరో కత్తిరించి, "గురువులను అవమానించిన పొగరుబోతు" అని పేరు పెట్టి వదిలారు. తొమ్మిది రోజుల్లో నాకు ఆరువందల పన్నెండు సందేశాలు వచ్చాయి. పేరు చూసి నా మతం కనుక్కున్నారు, ముఖం చూసి నా కులం నిర్ణయించారు. నేను ఎలా చావాలో కొందరు వివరంగా రాశారు. ఒకడికి నేనే జవాబిచ్చాను, "నా వాదనలో తప్పెక్కడ?" అని. "నువ్వే తప్పు" అన్నాడు.

నాకు భయం లేదు, కుతూహలం ఉంది. ఒక్కసారైనా కలవని మనిషి కోసం ఇంత శ్రద్ధగా ద్వేషం ఎందుకు రాస్తారు? ఆ పనికి కూర్చోవాలి, అక్షరాలు వెతకాలి, పంపాలి. ఆ కష్టానికి వాళ్లకు దొరికే కూలి ఏమిటి?

వాటిలో ఒక ఖాతా వేరు. దాని పేరు "చివరి బెంచీ". అది బూతు రాయదు. "నీ గొంతులో ధైర్యం లేదు, చప్పుడే ఉంది. నిన్ను కన్నవాళ్లు నిన్ను విని తల వంచుకోవాలి" అని రాసింది. మిగతా ఆరువందల పదకొండూ మరిచిపోయాను. ఇది మాత్రం చెవిలో ఉండిపోయింది.

మీ
షెకీనా


నరసాపురం
3 ఆగస్టు

చి. షెకీనాకు,
ఆలిస్ అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం దిద్ది పంపుతున్నాను. ఏడు తప్పులున్నాయి. "హాలు లేచి నిలబడింది" అని రాశావు. హాలు లేవదు, మనుషులు లేస్తారు. చప్పట్లు విన్నాక నీకు మనుషులు కనబడటం మానేశారని అర్థమవుతోంది.

ఇక్కడ వానలు. పదవీ విరమణ రోజున పాత విద్యార్థులు చందాలు వేసుకుని ఇచ్చిన ట్యాబ్ ఒకటి ఉంది కనుక ఆదివారం గుడికి వెళ్లలేకపోయినా ఇంట్లోనే ఆరాధన చూస్తున్నాను. పొద్దు గడుస్తోంది. ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పిన ఊరిలో బజారుకు వెళితే పలకరించేవాళ్లు నలుగురుంటారు. ఆగి మాట్లాడేవాళ్లు ఉండరు.

నీ ప్రసంగం గురించి గొప్పగా రాశావు. అంశం రాశావు, జనం లేచిన ముగింపు వాక్యం రాశావు. నడుమ ఏం చెప్పావో రాయలేదు. గురువులను అవమానించావన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో దాటేశావు. మరిచిపోయావా?

ఖాతా మూసెయ్యి. మూయలేకపోతే, ఆ చివరి బెంచీ రాసినదాన్ని కోపం చల్లారాక మళ్లీ చదువు. నిన్ను తిట్టినవాడు అబద్ధమే చెప్పాడని ముందే తీర్మానించుకోవడం వాదన కాదు.

అమ్మకు నా వందనాలు చెప్పు.

ఆలిస్


సీతాఫల్‌మండి
10 ఆగస్టు

పూజ్యురాలైన అత్తయ్యకు,

మీరు అడిగిన నడిమి భాగంలో ప్రత్యేకంగా ఏమీ లేదు. ఒక ఉదాహరణ చెప్పాను, అంతే. దాన్ని వాళ్లు సందర్భం తెంచి వాడుకున్నారు.

ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. ఆగస్టు ఐదున చివరి బెంచీ నుంచి ఇది వచ్చింది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "పిడికిలి విప్పు. చచ్చిపోయిన తండ్రి ఆగిపోయిన గడియారాన్ని పట్టుకుంటే తప్ప మాట రాని దానివి నువ్వు. ఆయన సమయం అయిపోయింది. నీది అవుతోంది."

మూడుసార్లు చదివాను. నాలుగోసారి అక్షరాలు కంటికి ఆనలేదు.

కాలేజీ గ్రంథాలయంలో కూర్చుని ఈ విషయం మీద దొరికిన వ్యాసాలన్నీ చదివాను. ముఖం కనబడదు కనుక జాలి కలగదని ఒకరు అంటారు. గుంపులో ఉన్నామన్న ధీమా అని మరొకరు. అన్నీ సబబే. కానీ అవన్నీ అపరిచితుల గురించి. నా పిడికిట్లో ఏముందో అపరిచితుడికి ఎలా తెలుస్తుంది? ఇది నాకు తెలిసిన మనిషి, అత్తయ్యా. నేను పలకరించే మనిషి, నాకు నవ్వు ముఖం చూపే మనిషి.

అమ్మతో వాచీ సంగతి చెప్పలేదు, సందేశాలు వస్తున్నాయని మాత్రం చెప్పాను. స్కూలు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. "మైకు ముందు ఉన్నంతసేపు బాగానే ఉంటావే తల్లీ. దిగాకే నీకు ప్రపంచమంతా ప్రతిపక్షం" అంది. నవ్వుతూనే అంది. ఆ తరువాత మాత్రం గేటు గొళ్లెం పడిందో లేదో రెండుసార్లు చూసి వచ్చింది.

ఒక్క ప్రశ్న, అపార్థం చేసుకోకండి. నా ఉత్తరాలు మీ ఇంట్లో ఎవరైనా చదివే వీలుందా?

మీ
షెకీనా


నరసాపురం
16 ఆగస్టు

చి. షెకీనాకు,

నా ఇంట్లో నేనూ, పెరట్లో కోళ్లూ తప్ప ఎవరూ లేరు. నీ ఉత్తరాలను దిద్దేదాకా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి నా కొంగున ఉంటుంది. నీ ఉత్తరాన్ని నేను తప్ప ఏ ప్రాణీ చదవలేదు, చదవబోదు. నీకు ఆ శంక రావడమే నాకు కష్టంగా ఉంది.

రెండు వేళ్ల దూరంలో ఉన్నవాళ్లను వదిలి రెండువందల కోసుల అవతల వెతుకుతావేం? వాచీ సంగతి ఎవరికి తెలుసో నువ్వే రాశావు. వేదిక మీద నీ పక్కన కూర్చుని, చప్పట్లన్నీ నీకే పడుతుంటే మూడేళ్లుగా చూస్తున్న పిల్లవాడు. తరగతిలో రెండో ర్యాంకు పిల్లలు ఎలా చూస్తారో నాకు తెలుసు. ముప్పై ఆరేళ్లు ఆ చూపుల ముందే నిలబడ్డాను.

నేను ఎవరి మీదా నేరం మోపడం లేదు.

ఈసారి తప్పులు నాలుగే. బాగుపడుతున్నావు.

ఆలిస్


సీతాఫల్‌మండి
31 ఆగస్టు

పూజ్యురాలైన అత్తయ్యకు,

మీరు చెప్పినట్టే చేశాను. నాకు ఇప్పుడు జతగాడు లేడు.

క్యాంటీన్‌లో పదిమంది ముందే అడిగాను. రహస్యంగా అడగడం నాకు చేతకాదు.

"వాచీ సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు?" అన్నాను.

రాఘవేందర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో సమోసా కింద పెట్టేశాడు. "ఏందీ షెకీనా, నేనా? జెర ఆలోచించి మాట్లాడు."

"ఆలోచించే మాట్లాడుతున్నాను. ఇద్దరికే తెలుసు. ఒకరు నరసాపురంలో ఉన్న అరవై రెండేళ్ల మా అత్తయ్య. రెండో మనిషివి నువ్వు."

"మూడేండ్ల సంది నీ పక్కన కూసున్న. నువ్వు దగ్గితే నీళ్ల బాటిల్ సుత నేనే అందిచ్చిన. గిదా నాకిచ్చే తీర్పు?"

"ఇది తీర్పు కాదు, ప్రశ్న. జవాబు చెప్పు."

"చెప్ప. నువ్వు జవాబు వినెటందుకు అడుగుతలేవు, గెలిచెటందుకు అడుగుతున్నవ్." సంచిలోంచి ఫైనల్ కోసం రాసుకున్న నోట్సు తీసి నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఆ కాగితాల్లో సగం నా వాదనలను అతను మెరుగుపరిచినవే.

నిజం దొరికిందన్న తృప్తి రావాలి కదా. రాలేదు. ఎందుకంటే ఇరవై తొమ్మిదిన ఇంకొకటి వచ్చింది. అది చివరి బెంచీ నుంచి కాదు, కొత్త ఖాతా. ఒక్క అక్షరం లేదు. ఒక ఫోటో మాత్రం ఉంది. మా నీలం గేటు. గేటు సందులోంచి అమ్మ చెప్పులు. అంచున తుకారాం ఇస్త్రీ బండి సగం.

ఫోను పట్టుకుని తుకారాం దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చూశాడు.

"అవు బిడ్డా, మొన్న పొద్దుగాల ఒకడొచ్చిండు. బండి మీద. హెల్మెట్ సుత తియ్యలే. ఏం గావాలె భయ్యా అన్న. ఏం లేదు, అడ్రస్ సరిగ్గనే చెప్పిండ్రా లేదా సూస్తున్న అన్నడు."

"ఎవరు చెప్పారట?"

"గదే నేను సుత అడిగిన. మా మాస్టరు చెప్పిండు అన్నడు. పోయిండు. నువ్వేం పరేషాన్ గాకు, నేనీడనే ఉంట గదా."

రాఘవేందర్ మా ఇంటికి ఇరవైసార్లు వచ్చాడు. అడ్రసు సరిచూడటానికి మనిషిని పంపాల్సిన అవసరం అతనికి లేదు. ఈ మాట క్యాంటీన్‌లో నాకు తట్టలేదు.

షెకీనా


నరసాపురం
6 సెప్టెంబరు

షెకీనా,

ఆ ఫోటో ఏ రోజు తీసింది? వచ్చినవాడు మళ్లీ వచ్చాడా? బండి నంబరు ఎవరైనా చూశారా? మాస్టరు అన్నాడా, ఆ మాటే అన్నాడా, తుకారాం తప్పుగా విన్నాడేమో అడుగు. వాళ్లు ఎంతమంది?

గేటుకు లోపలి నుంచి తాళం వెయ్యి. కొన్నాళ్లు ఎవరైనా స్నేహితుల ఇంట్లో ఉండు. ఆ ఫైనలూ వద్దు, ఏదీ వద్దు. గెలిచి ఏం చేస్తావు?

నీ ఉత్తరం దిద్దలేదు. అలాగే తిప్పి పంపుతున్నాను.

అత్త


సీతాఫల్‌మండి
14 సెప్టెంబరు

పూజ్యురాలైన అత్తయ్యకు,

మీ మాట వింటున్నాను. ఫైనల్ నుంచి తప్పుకుంటున్నాను. రేపు సోమవారం నుంచి యాప్రాల్‌లో సుకన్య అనే స్నేహితురాలి ఇంట్లో ఉంటాను. అమ్మకూ మీకూ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఫోనులో కూడా ఎవరితోనూ అనలేదు, ఈ కాగితం మీదే రాస్తున్నాను.

షెకీనా


సీతాఫల్‌మండి
21 సెప్టెంబరు

అత్తయ్యా,

నేను ఫైనల్ నుంచి తప్పుకోలేదు, యాప్రాల్ వెళ్లలేదు. అక్కడ నాకు తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు. సుకన్య అనే స్నేహితురాలు లేదు. అమ్మకు ఏమీ చెప్పలేదు. ఆ ఐదు వాక్యాలూ ఈ లోకంలో ఒకే ఒక కాగితం మీద ఉన్నాయి. అది మీ ట్రంకుపెట్టెలో ఉంది. తాళంచెవి మీ కొంగున ఉంది.

పందొమ్మిదో తేదీ శుక్రవారం ఉదయం చివరి బెంచీ రాసింది: "ఓడిపోయావు. యాప్రాల్‌లోనే పడి ఉండు. ఆ గేటు దగ్గరికి తిరిగి రాకు. మళ్లీ నోరు విప్పకు."

అనుమానం నాకు మీ గత ఉత్తరంతో మొదలైంది. పదేళ్లలో మీరు దిద్దకుండా పంపిన మొదటి ఉత్తరం అది. నాన్న పోయిన నెలలో కూడా మీరు నా తప్పులు దిద్దారు. అలాంటి మీ చేయి దేనికి ఆగింది? అప్పుడు పాత తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. నేను మీకు ఉత్తరం వేస్తాను. అది చేరడానికి మూడు నాలుగు రోజులు. ఆ తరువాత కొద్ది రోజుల్లో, నేను మీకు రాసింది నా మీదికి తిరిగి వస్తుంది. వాచీ అలాగే వచ్చింది. నా శత్రువుకు నా వార్తలు తపాలాలో అందుతున్నాయి.

రాఘవేందర్‌ను మీరు నా మాటలతో కొట్టించారు. అతని నోట్సు నా బల్ల మీద ఉంది. దాని వైపు చూడలేకపోతున్నాను.

నేను దాచినదీ చెబుతాను, ఎందుకంటే న్యాయంగా వాదించాలి. నడిమి భాగంలో నేను అన్నది ఇది: "మా కుటుంబంలో ఒక ఉపాధ్యాయురాలు ఉండేవారు. ఆమె సుద్దముక్క చప్పుడుకు పిల్లలు వణికేవారు. పేరు చెప్పకుండా ఒక్క చీటీ రాసే వీలుంటే వాళ్లు బతికిపోయేవారు." ఊళ్లో మీ గురించి విన్న మాటను వాదనకు పనికొస్తుందని వాడుకున్నాను. నిజమో కాదో మిమ్మల్ని అడగలేదు. మీ పేరు చెప్పలేదు, అదే మర్యాద అనుకున్నాను. చప్పట్లు పడ్డాయి. మీకు దాచాను.

అది నా తప్పు. దాని కింద ఎర్రగీత గీయండి. కానీ మా గేటు ఫోటోకు అది జవాబు కాదు. నాన్న మీ తమ్ముడు, అత్తయ్యా. ఆ వాచీ మీ మొదటి జీతంతో మీరు ఆయనకు కొనిపెట్టింది.

పోలీసులకు ఇవ్వబోయే ఫిర్యాదు కాగితాన్ని దీనితో జతపరుస్తున్నాను. అంతా నింపాను. "నిందితుల పేర్లు, తెలిసినట్లయితే" అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. మొత్తం విన్నాక అమ్మ, "నీ తండ్రి అక్క పేరు నా చేత రాయించకు" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను రాయగలను. రాయలేదు. ఆ గడిని మీకు వదులుతున్నాను.

ఎందుకు, అత్తయ్యా?

షెకీనా


నరసాపురం
27 సెప్టెంబరు

షెకీనా,

అడిగావు కనుక చెబుతాను. నన్ను క్షమించమని అడగటానికి కాదు. జూలైలో నువ్వు వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండి కూడా దాచాను.

రెండేళ్ల కింద, ఆ ట్యాబ్‌లో ఒక అమ్మాయి పిల్లలకు పద్యం నేర్పుతూ కనబడింది. తప్పుగా విరిచి చదువుతోంది. మర్యాదగా రాశాను, తప్పు ఇది, ఒప్పు ఇది అని. చూడలేదు. మరునాడూ రాశాను. చూడలేదు. మూడోనాడు, "నీ వంటి దాని నోట పద్యం వినే పిల్లలు మూగవాళ్లుగా పుట్టినా బాగుండేది" అని రాశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అమ్మా, మీరెవరో నాకు తెలియదు. పొద్దుటి నుంచి ఏడుస్తున్నాను" అని.

నాకు సిగ్గు కలగాల్సింది. కలగలేదు. ముప్పై ఆరేళ్లు ఎన్ని వేల నోటుపుస్తకాలు దిద్దానో లెక్క లేదు. తిరిగి ఇచ్చాక పిల్లలు చివరనున్న మార్కు చూసి పుస్తకం మూసేసేవారు. నా ఎర్ర అక్షరాలను చదివినవాళ్లు లేరు, నువ్వు తప్ప. ఇక్కడ ఎవరో, ఎక్కడో, నేను రాసిన ప్రతి అక్షరం చదివింది. ఏడ్చేంత శ్రద్ధగా చదివింది. ఆ రోజు నేను రెండు పూటలా తృప్తిగా అన్నం తిన్నాను.

అపరిచితులకే ఎందుకు అన్నావు. తరగతిలో పిల్లవాణ్ని ఒక మాట అంటే మరునాడు ఉదయం వాడి ముఖం మళ్లీ చూడాలి. వాడి కళ్లు ఉబ్బి ఉంటే ఆ పాఠం నాకు సరిగా నడిచేది కాదు. అపరిచితులకు ఆ మరునాటి ఉదయం లేదు. నువ్వు చదివిన వ్యాసాల్లో ఇది ఉందో లేదో నాకు తెలియదు.

తరువాత చాలామందికి రాశాను. ఎవరి పేరూ గుర్తు లేదు. ఆ రాతల కింద చేరేవాళ్లు ఒక గ్రూపు పెట్టుకుని నన్నూ చేర్చారు. నా వాక్యాలను ఒకరికొకరు చూపించుకునేవారు. ఆడమనిషినని తెలియక "మాస్టారూ" అని పిలిచేవారు. నేను కాదనలేదు. బడి మానేశాక నన్ను ఎవరూ ఏ పేరుతోనూ అంత గౌరవంగా పిలవలేదు.

జూలైలో నీ నలభై సెకన్లు నా ముందుకు వచ్చాయి. ఇంత పొడుగు ఉన్నప్పటి నుంచి నేను అక్షరం పట్టి నేర్పిన పిల్ల, నా సుద్దముక్క గురించి నాలుగువందల మందికి చెబుతోంది. నా పేరు చెప్పలేదు. పేరు చెప్పి ఉంటే నేను లేచి జవాబు ఇచ్చుకునేదాన్ని. అందుకే నేనూ నా పేరు చెప్పకుండా నీకు రాశాను. నీ ఉత్తరం వచ్చి "చెవిలో ఉండిపోయింది" అని చదివినప్పుడు, దేవుడు నన్ను క్షమించును గాక, సంతోషించాను.

ఫోటో నేను తీయించలేదు. కానీ దాని వెనుక ఉన్నది నేనే. ఆగస్టులో ఒకరోజు గ్రూపులో ఎవరో అడిగారు, "ఈ పిల్ల ఇల్లు ఎక్కడో ఎవరికైనా తెలుసా?" అని. అడిగినవాడు ఎందుకు అడిగాడో నేను ఆలోచించలేదు. ప్రశ్న వినబడింది, జవాబు నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. చెయ్యెత్తాను. సీతాఫల్‌మండి, ఇస్త్రీ బండి పక్కన, నీలం గేటు. చెప్పాక నూటికి పైగా మెచ్చుకోళ్లు వచ్చాయి. నీ ఉత్తరంలో హెల్మెట్ మనిషి గురించి చదివే వరకు, అది అడ్రసు అన్న స్పృహ నాకు లేదు. తెలిసిన జవాబు అనుకున్నాను.

అప్పుడు ఆపమని వాళ్లను బతిమాలాను. వాళ్లు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "నువ్వెవరు?" నేను చెప్పలేకపోయాను. గ్రూపులోంచి తీసేశారు. ఇప్పుడు లోపల ఏం మాట్లాడుకుంటున్నారో నాకు కనబడదు.

యాప్రాల్ సందేశం నీ మేలు కోరి రాశాను. నువ్వు నమ్మవు. నువ్వు ఆ గేటుకు దూరంగా ఉండాలనే రాశాను. రాసి చూసుకుంటే అది కూడా ఆ గొంతుతోనే ఉంది. నా పాత గొంతు కోసం చాలాసేపు ట్యాబ్ ముందు కూర్చున్నాను. రాలేదు.

నువ్వు వదిలిన గడి నింపాను. ఇది దిద్దుబాటు కాదు కనుక నల్లసిరాతో రాశాను. నా పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఉద్యోగం చేసిన ఏళ్లు. ట్యాబ్ కూడా పార్శిల్ చేస్తున్నాను, వాళ్లకు అప్పగించు. ఆ గ్రూపులో ఉన్న మరో మనిషి అసలు పేరు నాకు ఒక్కటీ తెలియదు. వాళ్లకు నా పేరు తెలియనట్టే.

గేటు రంగు మార్పించు. నేను చేయగల సాయం ఇది చెప్పడమే.

ఆలిస్


సీతాఫల్‌మండి
5 అక్టోబరు

అత్తయ్యా,

ఈ ఉత్తరానికి మార్జిన్ వదల్లేదు. గమనించే ఉంటారు. కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నాదే.

ఫిర్యాదు ఇచ్చాం. అమ్మ వచ్చింది. మీ చేతిరాత చూసి ఏడ్చింది, ఆ తరువాత కింద తన సంతకం తనే పెట్టింది. స్టేషన్‌లో కూర్చున్నాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా, మీ మేనత్తనే నిందితురాలా? ఇంట్ల గొడవ ఇంట్ల సూస్కోవాలె గదా" అన్నాడు. ఫోటో చూపించాను. ఫిర్యాదు మళ్లీ మొదటి నుంచి చదివాడు. "ఒక్క పేరే ఉంది. మిగతావాళ్లు?" అన్నాడు. మీ దగ్గర లేని జవాబు నా దగ్గర ఎలా ఉంటుంది? ట్యాబ్ తీసుకున్నారు. సమయం పడుతుంది అన్నారు.

రాఘవేందర్ ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టాడు. వాచీ సంగతి ఇద్దరికే తెలుసన్నప్పుడు రెండో మనిషినే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాను. క్షమించానని అనలేదు. "ప్రాక్టీసు ఎప్పుడు షురూ జేద్దాం?" అన్నాడు. వచ్చాడు. నీళ్ల బాటిల్ నేను మోశాను.

ఎల్లుండి ఫైనల్. అంశం మారలేదు, పక్షాలు మారతాయి: ఈసారి మాకు ప్రతికూలం. పోయినసారి చెప్పిన ప్రతి వాక్యాన్ని నేనే ఖండించాలి. ఖండించగలను. కానీ పేరు చెప్పలేక వణికే మనిషి ఎక్కడో నిజంగానే ఉందని నాకు తెలుసు, ఆమె మీ తరగతిలో ఉండేదని కూడా తెలుసు. పేరు లేని గుంపు ఏం చేస్తుందో కూడా తెలుసు. రెండూ తెలిసి ఒక్కటే చెప్పడం ఇంతకు ముందు నాకు ఆటగా ఉండేది.

వాచీ పిడికిట్లో పెట్టుకోను. చేతికి పెట్టుకుంటాను, అందరికీ కనబడేలా. నా ప్రసంగంలో మొదటి వాక్యం నా పూర్తి పేరు.

మీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను. నెలకొక ఉత్తరం మాత్రం మానను. మీరు దిద్దవద్దు. చదవండి, చాలు.

షెకీనా ఏసురత్నం

తా.క. ఉత్తరం కవరులో పెట్టేశాక మళ్లీ తీసి రాస్తున్నాను. మీరు చెప్పినట్టే గేటు రంగు మార్పించాం. నిన్న సాయంత్రం అమ్మా నేనూ చెరో బ్రష్షు పట్టుకుని ఆకుపచ్చ వేశాం. ఇందాక తుకారాం పిలిచాడు. హెల్మెట్ మనిషి మళ్లీ వచ్చాడట. ఈసారి వెనుక ఇంకొకడు కూర్చుని ఉన్నాడట. "గీడ నీలం గేటు ఉండాలె గదా అన్నడు బిడ్డా. నీలం గేటు గీ గల్లీల ఎన్నడూ లేదు భయ్యా అన్న. దిగిండు. మీ గేటుకాడికి పోయి ఏలితోని ఇట్ల రాసి సూసిండు. నవ్విండు. ఇంకా ఆరలే గదా, అన్నడు."

గేటు మీద ఆ వేలి గీత ఉంది. దాని కింద పాత నీలం కనబడుతోంది.